మా ఊరి చర్చికి మూడు తేదీలు చెబుతున్నారు, అసలు అది ఎప్పటిది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినవారి కుటుంబం నార్తాంప్టన్‌షైర్‌లో ఒక పల్లెకు కొత్తగా మారింది. ఊళ్లో పాత పారిష్ చర్చి, అంటే ఆ పరిధిలోని జనమందరి చర్చి ఉంది. బయట బోర్డు మీద 12వ శతాబ్దం అని ఉందట, లోపల పెట్టిన కరపత్రంలో సాక్సన్ల కాలం (1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించడానికి ముందు) నుంచి ఉన్న చర్చి అని రాశారట, ఆన్‌లైన్‌లో చూస్తే 1860ల్లో కట్టినట్టు ఉందట. వీటిలో ఏది నమ్మాలి, సొంతంగా దీని చరిత్ర తెలుసుకోవడం ఎలా, క్రైస్తవులం కాని మేం లోపలికి వెళ్లి చూడొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మూడు తేదీలూ నిజమే కావచ్చు. ఇంగ్లండ్‌లో పాత పారిష్ చర్చికి ఒకే తేదీ ఉండటం చాలా అరుదు. ఆ చోట మొట్టమొదట చర్చి ఎప్పుడు వెలిసిందన్నది ఒక తేదీ, ఇప్పుడు నిలబడి ఉన్న గోడల్లో అన్నిటికంటే పాతది ఎప్పటిదన్నది ఇంకో తేదీ, చివరిసారి పెద్ద ఎత్తున తిరగకట్టింది ఎప్పుడన్నది మూడోది. కరపత్రం మొదటిది చెప్పింది, బోర్డు రెండోది చెప్పింది, ఆన్‌లైన్‌లో మీకు దొరికింది మూడోది. మన పాత మండువా ఇళ్లు ఒక తరం వంటిల్లు మార్చి, ఇంకో తరం వసారా వేసి, మరో తరం పైన మేడ లేపినట్టే ఇవి కూడా పెరుగుతూ వచ్చాయి. కాబట్టి "ఈ చర్చి ఎప్పటిది" అని కాకుండా "ఈ గోడ ఎప్పటిది, ఈ టవర్ ఎప్పటిది, వీటిలో ఏది ముందు" అని అడగడం మొదలుపెడితే మీకే జవాబులు దొరకడం మొదలవుతుంది.

నేను ఇక్కడ పాత కట్టడాల మరమ్మతులు చూసే ఆఫీసులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చిలకు 1955లో చట్టం వచ్చినప్పటి నుంచి ఐదేళ్లకోసారి తనిఖీ జరగాలి, కప్పు నుంచి కాలువల దాకా అన్నీ చూసి రిపోర్టు రాయాలి. ఆ పని మీద టవర్లు ఎక్కుతూ, కప్పుల్లో దూరుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

లోపలికి వెళ్లడం గురించి అసలు టెన్షన్ వద్దు. పారిష్ చర్చి ఊరందరిదీ అన్న భావన ఇక్కడ గట్టిగా ఉంది, చాలా చర్చిలు పగలు తెరిచే ఉంటాయి, టికెట్ ఉండదు, మీ మతమేమిటని ఎవరూ అడగరు. చెప్పులు విప్పక్కర్లేదు. ప్రార్థన, పెళ్లి, అంత్యక్రియలు జరుగుతుంటే ఆ సమయంలో వెళ్లకండి, అంతే. తాళం వేసి ఉంటే గుమ్మం దగ్గర చర్చ్‌వార్డెన్ (చర్చి బాగోగులు చూసే ఊరి మనిషి) ఫోన్ నంబరు రాసి ఉంటుంది. ఫోన్ చేసి "మేం ఊరికి కొత్తగా వచ్చాం, చర్చి చూడాలనుంది" అనండి. చాలామంది సంతోషంగా తాళం తెచ్చి, మీరు అడగని విషయాలు కూడా చెబుతారు. మరమ్మతుల ఖర్చు చాలావరకు ఆ ఊళ్లో మిగిలిన కొద్దిమంది భక్తుల మీదే పడుతుంది, కాబట్టి హుండీలో నాలుగు పౌండ్లు వేస్తే మంచిది.

ఇక చూడటం గురించి. బయటి నుంచి మొదలుపెట్టండి, కిటికీలను చివరికి నమ్మండి. అందరూ ముందు కిటికీల ఆకారం చూసి కాలం చెప్పేస్తారు. దానికి కారణముంది. 1817లో థామస్ రిక్‌మన్ అనే ఆయన ఇంగ్లండ్ చర్చిల శైలులను వరుసపెట్టి, నార్మన్, ఎర్లీ ఇంగ్లిష్, డెకొరేటెడ్, పర్పెండిక్యులర్ అని విభజించాడు. ఆ పేర్లే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. స్థూలంగా చెప్పాలంటే, పైన గుండ్రటి ఆర్చి ఉంటే నార్మన్, అంటే 1066 నుంచి సుమారు 1190 వరకు. సన్నగా, పొడుగ్గా, మొన తేలి ఉంటే ఎర్లీ ఇంగ్లిష్, 1250 దాకా. రాతి చట్రంలో పూలరేకుల్లాంటి అల్లిక ఉంటే డెకొరేటెడ్, 1350 దాకా. నిలువు కమ్మీలు పైదాకా సూటిగా వెళ్లి కిటికీ అంతా గళ్లు గళ్లుగా కనిపిస్తే పర్పెండిక్యులర్, అది 1530 ప్రాంతం వరకు నడిచింది. ఇది తెలిసి ఉండటం అవసరమే. కానీ కిటికీ అన్నది గోడకు కన్నం పెట్టి ఎప్పుడైనా మార్చగలిగేది. 11వ శతాబ్దపు గోడలో 15వ శతాబ్దపు కిటికీ, అందులో 19వ శతాబ్దపు రాయి, ఆ రాయి మీద పాతదాన్ని చూసి చెక్కిన నకలు, ఇవన్నీ ఒకేచోట ఉండటం మామూలు విషయం. తలుపులూ అంతే. మంచి నార్మన్ ద్వారాన్ని పారేయడానికి మనసొప్పక, హాలుకు పక్కన ఐల్ అనే పొడవాటి భాగం వేసినప్పుడు దాన్ని రాయి రాయిగా విప్పి కొత్త గోడలో నిలబెట్టేవారు. అలాంటప్పుడు ద్వారం దాని చుట్టూ ఉన్న గోడకంటే పాతదవుతుంది.

అందుకే నేను గోడ చూస్తాను. మూలల్లో రాళ్లు ఎలా పేర్చారో చూడండి. ఒక పొడవాటి రాయి నిలువుగా, దాని మీద ఒక పలక అడ్డంగా, మళ్లీ నిలువుగా, ఇలా వెళ్తుంటే సాక్సన్ల పని, అంటే 1066కి ముందుదో ఆ దగ్గరి కాలానిదో అయ్యే అవకాశం ఎక్కువ. గోడ ఎత్తుగా, మందం మాత్రం తక్కువగా ఉన్నా అదే అనుమానం రావాలి. నార్మన్లు సాధారణంగా మందంగా కట్టారు. తర్వాత గోడలో నిలువుగా అతుకు కనిపిస్తోందా, ఒకవైపు రాళ్ల వరసలు ఇంకోవైపు వరసలతో కలవకుండా ఆగిపోతున్నాయా చూడండి. అలా ఆగిన చోట ఒక కాలం ముగిసి ఇంకో కాలం మొదలైందని అర్థం.

అన్నిటికంటే నాకిష్టమైన ఆనవాలు టవర్ తూర్పు ముఖం. ప్రజలు కూర్చునే పెద్ద హాలును నేవ్ అంటారు. టవర్ చాలావరకు దానికి పడమటి చివర ఉంటుంది, నేవ్ కప్పు వచ్చి టవర్ గోడకు ఆనుతుంది. ఇప్పటి కప్పు కంటే పైన ఆ గోడ మీద తలకిందులైన వి ఆకారంలో ఒక గీత కనిపిస్తే అది పాత కప్పు ఆనిన చోటు. అంటే ఒకప్పుడు బాగా వాలుగా, గడ్డితోనో చెక్క పెంకులతోనో వేసిన కప్పు ఉండేది, తర్వాత సీసపు రేకులు వేసి వాలు తగ్గించారన్నమాట. ఒక చిన్న ఊరి చర్చిలో ఈ గీత బయట ఎక్కడా కనబడలేదు. నేవ్ కప్పు లోపలి ఖాళీలోకి పాకుతూ వెళ్తే, అక్కడ టవర్ గోడ మీద ఒకదాని కింద ఒకటి రెండు పాత కప్పుల గీతలు, వాటి మధ్య మూసేసిన ఒక చిన్న గుండ్రటి కిటికీ కనబడ్డాయి. కింద కూర్చునే జనానికి తమ తల మీద మూడు కాలాల కప్పులు ఉన్న సంగతి తెలియదు. ఆ రోజు చర్చ్‌వార్డెన్‌కు ఫోటోలు చూపిస్తే ఆమె ఎంత సంతోషించిందో.

నేల కూడా చూడండి. చర్చి చుట్టూ శ్మశానం నేల గోడ దగ్గర కన్నా ఎత్తుగా ఉండి, మీరు లోపలికి మెట్లు దిగి వెళ్తుంటే, అది శతాబ్దాల సమాధుల వల్ల పెరిగిన నేల. ఒకే స్థలంలో తరాల తరబడి పూడ్చారు. హంబర్ నది దక్షిణ తీరంలో బార్టన్ అనే ఊళ్లో సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. 1972లో అక్కడ ప్రార్థనలు ఆగిపోయాయి, 1978 నుంచి 1984 వరకు తవ్వకాలు జరిపితే సుమారు 2,800 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒక్క చిన్న పట్టణంలో సాక్సన్ల కాలం నుంచి విక్టోరియా కాలం దాకా బతికినవాళ్లు. వాళ్ల కీళ్లనొప్పులు, పళ్ల జబ్బులు, విరిగి అతుక్కున్న ఎముకలు అన్నీ పరిశీలించారు. ఈ చర్చికి ఇంకో గొప్ప ఉంది. ఇంగ్లండ్‌లో 1066కి ముందు కట్టిన చర్చిలు మిగిలే ఉన్నాయని రిక్‌మన్ 1819లో వాదించింది దీని టవర్ చూసే. టవర్ కింది భాగం మీద సాక్సన్ పని ఉంది, దాని పైన వేరే రకం పని ఉంది, పైది నార్మన్లనాటిది, కాబట్టి కిందది అంతకంటే పాతదై ఉండాలి అన్నది ఆయన తర్కం. ఏది దేని మీద ఉందో చూడటం. ఇప్పటికీ మేం చేసే పని అదే.

తర్వాత ఎవరు డబ్బు పెట్టారు అన్నది. ఇది తెలియకపోతే చర్చి సగమే అర్థమవుతుంది. తూర్పు చివర ప్రార్థన బల్ల ఉండే భాగం చాన్సెల్, దాని బాగోగులు ఒకప్పుడు రెక్టర్ బాధ్యత. నేవ్ మాత్రం ఊరి జనం బాధ్యత. అందుకే చాలాచోట్ల చాన్సెల్ ఒక కాలానిది, నేవ్ ఇంకో కాలానిది, ఒకటి వైభవంగా, ఒకటి బోసిగా ఉంటాయి. రెక్టర్ అంటే ఊరి పంటలో పదో వంతు తీసుకునేవాడు. చాలా ఊళ్లలో ఆ హక్కును మఠాలు తమ పేరున రాయించుకుని, ప్రార్థనలు జరపడానికి వికార్‌ను పెట్టి, అతనికి చిన్న వాటా ఇచ్చేవి. 1536, 1540 మధ్య ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించి ఆస్తులు అమ్మేశాడు. కొన్నవాళ్లకు పంటలో వాటాతో పాటు చాన్సెల్ బాగుచేసే బాధ్యత కూడా వచ్చిపడింది.

ఇది పాత కథ అనుకోకండి. ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్లు సొలిసిటర్ (ఇంటి కాగితాలు చూసే లాయర్) బిల్లులో చాన్సెల్ సెర్చ్ అనో చాన్సెల్ ఇన్సూరెన్స్ అనో చిన్న మొత్తం చూసి ఇదేంటని నన్ను చాలాసార్లు అడిగారు. సంగతి ఇదే. కొన్ని భూములకు ఇప్పటికీ ఆ బాధ్యత అంటుకుని ఉంది. వారిక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో అలాంటి పొలం ఉన్నవాళ్లు చాన్సెల్ మరమ్మతు ఖర్చు కట్టాల్సిందేనని 2003లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఆ తర్వాత చర్చిలు తమ హక్కును 2013 అక్టోబరు 13 లోపు రిజిస్టర్ చేసుకోవాలన్న గడువు వచ్చింది. అలా నమోదు కాని ఆస్తిని ఆ తేదీ తర్వాత డబ్బిచ్చి కొన్నవారికి సాధారణంగా ఆ భారం ఉండదు, అయినా సొలిసిటర్లు జాగ్రత్త కోసం చూస్తారు. మీ ఇంటి కాగితాల సంగతి మీ సొలిసిటర్‌నే అడగండి, నేను లాయర్‌ని కాను.

ఊరు పెరిగితే చర్చి పెరుగుతుంది, ఊరు తగ్గితే చర్చి కూడా తగ్గుతుంది. దీనికి వారమ్ పెర్సీ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. యార్క్‌షైర్ వోల్డ్స్‌లో ఖాళీ అయిపోయిన పల్లె అది. ఇప్పుడు అక్కడ గడ్డి కింద ఇళ్ల పునాదుల గుర్తులు, కప్పు లేని సెయింట్ మార్టిన్స్ చర్చి మిగిలాయి. తవ్వి చూస్తే అడుగున కొయ్య చర్చి ఆనవాళ్లు, దాని మీద చిన్న రాతి చర్చి, దాన్ని పెంచి కట్టిన ఇంకొకటి, 12, 13 శతాబ్దాల్లో జనం పెరిగాక రెండు వైపులా వేసిన ఐల్స్ తేలాయి. తర్వాత జనం తగ్గారు. ఐల్స్ పడగొట్టి, ఆర్చీల మధ్య ఖాళీని రాళ్లతో మూసేశారు. ఆ మూసిన ఆర్చీలు ఇప్పటికీ గోడలో కనబడతాయి. 1500 నాటికి యజమానులు గొర్రెల కోసం ఊరిని దాదాపు ఖాళీ చేయించేశారు. అయినా పారిష్‌లోని పక్క ఊళ్లవాళ్లు నడిచి వచ్చి అదే చర్చిలో పెళ్లిళ్లు, అంత్యక్రియలు జరుపుకున్నారు. అలాంటి పక్క ఊరు థిక్సెన్‌డేల్‌కు 1870లో సొంత చర్చి వచ్చింది, 1959లో ఇక్కడి టవర్ సగం కూలిపోయింది. మీ చర్చి గోడలో మూసిన ఆర్చీ కనిపిస్తే ఆ ఊళ్లో ఒకప్పుడు ఇప్పటికంటే ఎక్కువమంది ఉండేవారేమో అని ఆలోచించండి.

జనం తగ్గడం అంటే 1348, 1349 నాటి ప్లేగు గుర్తుకు రావాలి. చాలా చర్చిల్లో గోడకు వికార్ల పేర్లు వరసగా రాసిన చెక్క బోర్డు వేలాడుతుంటుంది. ఎవరూ ఆగి చదవరు. మీరు 1349 దగ్గర ఆగండి. ఆ ఒక్క ఏడాదిలో రెండు పేర్లో మూడు పేర్లో ఉంటే, వచ్చిన వికార్ వచ్చినట్టు చనిపోయాడని దాదాపు చెప్పొచ్చు. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌వెల్ ఊరి సెయింట్ మేరీస్ చర్చిలో టవర్ లోపలి గోడ మీద ఎవరో లాటిన్‌లో గీకి రాశారు. ప్లేగు గురించి, బతికి మిగిలిన కొద్దిమంది దీనస్థితి గురించి, ఆఖరున 1361లో సెయింట్ మారస్ పండుగ రోజు విరుచుకుపడ్డ గాలివాన గురించి. నేను ఆ గోడ ముందు నిలబడి చాలాసేపు కదల్లేకపోయాను. రాజుల గురించి కాదు, పేరు తెలియని ఒక మనిషి తన ఊరికి ఏం జరిగిందో రాయకుండా ఉండలేక గోడ మీద గీకాడు.

ఆ 1361 దగ్గర ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆ గాలివాన వచ్చింది మన లెక్క ప్రకారం 1362 జనవరి 15న. ఇంగ్లండ్‌లో 1751 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి పాత రిజిస్టర్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి 24 వరకు ఉన్న తేదీలకు ఒక ఏడాది కలిపి చదవాలి. ఇది తెలియక పుట్టకముందే బాప్తిస్మం జరిగినట్టు వంశవృక్షాలు గీసినవాళ్లను చూశాను.

డబ్బు బాగా వచ్చిన ఊళ్లలో వేరే రకం చర్చిలుంటాయి. గ్లోస్టర్‌షైర్‌లో ఫెయిర్‌ఫర్డ్ చర్చిని 1490ల్లో జాన్ టేమ్ అనే ఉన్ని వ్యాపారి తిరగకట్టించాడు, 28 కిటికీల్లోనూ ఆనాటి రంగు గాజు నిలిచి ఉంది. అంత పూర్తిగా ఇంగ్లండ్‌లో ఇంకే పారిష్ చర్చిలోనూ మిగల్లేదు. సఫోక్‌లో లావెన్‌హామ్ టవర్ మీద బట్టల వ్యాపారి స్ప్రింగ్ కుటుంబం గుర్తులూ, ఆక్స్‌ఫర్డ్ ప్రభువుల నక్షత్రం గుర్తులూ పక్కపక్కనే ఉంటాయి. డబ్బు ఎవరిదో రాయి మీదే చెక్కించుకున్నారు. మీ చర్చి గోడల మీద వంశచిహ్నాల డాళ్లు ఉంటే ఫోటో తీసుకోండి, కాలం చెప్పడానికి అవి బాగా ఉపయోగపడతాయి.

తర్వాతి పెద్ద మలుపు 1547లో ఆరో ఎడ్వర్డ్ గద్దెనెక్కాక వచ్చింది. అంతకుముందు ఈ చర్చిల లోపల గోడల నిండా బొమ్మలు, రంగులు, దీపాలు, విగ్రహాలు. విగ్రహాలు వద్దనే ప్రొటెస్టెంట్ మార్గం రావడంతో కొన్నేళ్లలో అన్నీ పోయాయి. బొమ్మల మీద సున్నం కొట్టారు, రాతి బల్లలు తీసి కొయ్య బల్లలు వేశారు, 1552 నాటికి ప్రతి చర్చిలో ఉన్న వెండి పాత్రల జాబితా రాయించి తర్వాత చాలావరకు పట్టుకుపోయారు. 1553లో క్యాథలిక్ అయిన మేరీ రాణి వచ్చి అన్నీ తిరిగి పెట్టమంది, 1558లో ఎలిజబెత్ వచ్చాక మళ్లీ తీసేశారు. ఇంత జరిగినప్పుడు ఆ ఊరి ముసలివాళ్ల మనసులో ఏముండేదో నేను తరచూ ఆలోచిస్తాను. వాళ్లు తమ చేతులతో డబ్బులు వేసి చేయించిన విగ్రహాలవి. నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య గోడలో ఎక్కడికీ పోని సన్నటి రాతి మెట్లు కనిపిస్తే, అవి అప్పుడు తీసేసిన అటక మెట్లు. ఆ అటక మీద పెద్ద శిలువ ఉండేది. 1643, 1644లో పార్లమెంటు తరఫున విలియం డౌసింగ్ అనే ఆయన కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్ చర్చిలు తిరిగి, ఎక్కడ ఎన్ని బొమ్మలు పగలగొట్టించాడో రోజువారీ రాసిపెట్టాడు కూడా. మీ జిల్లాకు ఆయన రాలేదు, కాబట్టి మీ చర్చిలో గాజు పోవడానికి వేరే కారణం వెతకాలి. పగిలిన ప్రతి విగ్రహాన్నీ పార్లమెంటు పక్షాన పోరాడిన ఆలివర్ క్రామ్‌వెల్ సైనికుల మీద వేయడం అలవాటైపోయింది, చాలావరకు పగిలింది అంతకు వందేళ్ల ముందే. సున్నం కొట్టడం వల్ల ఒక మేలు జరిగింది. దాని కింద బొమ్మలు భద్రంగా మిగిలాయి, ఇప్పటికీ మరమ్మతులప్పుడు బయటపడుతుంటాయి.

ఇక మీ 1860లు. విక్టోరియా కాలంలో పాత చర్చిల్లో అత్యధిక భాగం బాగుచేతకు గురయ్యాయి. కొన్నిటికి అది ప్రాణం పోసింది, కప్పులు కూలడానికి సిద్ధంగా ఉండేవి. కొన్నిచోట్ల మాత్రం లోపలి గచ్చంతా గీకి రాయి బయటపెట్టి, 15వ శతాబ్దపు కిటికీలు తీసి 13వ శతాబ్దంలో ఇలా ఉండేదేమో అనుకున్న కిటికీలు పెట్టారు. ఈ ధోరణి మీద కోపంతోనే విలియం మోరిస్ 1877లో పురాతన కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. పాతదాన్ని కొత్తగా చేయకండి, ఉన్నదాన్ని కాపాడండి అన్నది ఆ సంఘం మాట. మా వృత్తి ఇప్పటికీ ఆ మాట మీదే నడుస్తోంది, నేను మనస్ఫూర్తిగా నమ్మేదీ అదే. విక్టోరియా కాలం పని కనిపెట్టడం అంత కష్టం కాదు. రాళ్ల అంచులు మరీ పదునుగా, చెక్కడం మరీ ఒకేలా, నేల మీద నున్నటి రంగు టైల్స్ ఉంటే అదే.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే మీరు బ్రిక్స్‌వర్త్ వెళ్లాల్సిందే. నార్తాంప్టన్‌కు ఉత్తరాన కొద్ది మైళ్లే, ఆల్ సెయింట్స్ చర్చి. సాక్సన్ల కాలం నుంచి నిలిచిన ఇంత పెద్ద చర్చి ఇంగ్లండ్‌లో చాలా అరుదు. పీటర్‌బరో మఠంవాళ్లు 7వ శతాబ్దం చివర స్థాపించారని 12వ శతాబ్దపు చరిత్రకారుడొకడు రాశాడు, బోర్డుల మీద 680 అని కనబడేది అందుకే. ఇప్పుడు నిలబడి ఉన్న ముఖ్యమైన గోడలు మాత్రం 8వ శతాబ్దం చివరో 9వ శతాబ్దం మొదట్లోవో అని పండితులు ఎక్కువమంది అంటారు. నేవ్ ఆర్చీలు ఎర్రటి రోమన్ ఇటుకలతో కట్టారు, పాడుబడ్డ రోమన్ కట్టడాల నుంచి మోసుకొచ్చినవి. రోమన్ మేస్త్రీ అయితే ఆర్చీలో ఇటుకలన్నీ మధ్య బిందువు వైపు తిరిగేలా పేరుస్తాడు. ఇక్కడివి కొన్ని అలా తిరగవు. ఇటుక పాతది, చేయి కొత్తది అని అక్కడే తెలిసిపోతుంది. ఆ ఆర్చీల అవతల ఒకప్పుడు పక్కగదులు ఉండేవి, అవి పోయాక ఆర్చీలు మూసి కిటికీలు పెట్టారు. పడమట మొదట ఉన్నది ముఖమండపం, దాన్నే తర్వాత టవర్‌గా లేపి, పక్కన గుండ్రటి మెట్ల గది కట్టారు. దక్షిణ ద్వారం నార్మన్లది, టవర్ మీద మొనదేలిన స్పైర్ 14వ శతాబ్దానిది. ఇక తూర్పు చివర అర్ధచంద్రాకారపు భాగం చూసి అబ్బా ఎంత పాతదో అనుకుంటారు. దాన్ని 1860ల్లో అక్కడి వికార్ వాట్కిన్స్ పాత పునాదుల మీద చాలావరకు తిరగకట్టించాడు. దానికోసం మధ్యయుగాల నాటి చదరపు చాన్సెల్‌ను తీసేశారు. దాని చుట్టూ నేలలోకి దిగిన వలయాకారపు దారి మాత్రం అసలైనదే. మీ చర్చికి మీరు విన్న మూడు రకాల తేదీలూ ఇక్కడ ఒకే కట్టడంలో ఉన్నాయి, ప్రతిదానికీ సరైన గోడ ఉంది. దగ్గర్లోనే ఎర్ల్స్ బార్టన్ టవర్ కూడా చూడండి, 10వ శతాబ్దం చివరిది, గోడ నిండా రాతి పట్టీల అలంకారం.

బోర్డు మీది తేదీలను ఎంత నమ్మాలో ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ చెబుతుంది. ఓక్ దుంగలను నిలువుగా చీల్చి పక్కపక్కన నిలబెట్టి కట్టిన నేవ్ అది. అది 845 నాటిదని చాలాకాలం నమ్మారు. 1990ల్లో చెట్టు వలయాలు లెక్కపెడితే ఆ దుంగలు 11వ శతాబ్దం రెండో సగంలో నరికినవని తేలింది. రెండు వందల ఏళ్లు తగ్గినా, ఇంగ్లండ్‌లో ఇంకా నిలబడి ఉన్న అతి పాత కొయ్య చర్చిగా దాని గౌరవం తగ్గలేదు. కరపత్రాల్లో ఇంకో రకం మాటలూ ఉంటాయి. సమాధి మీద వీరుడి బొమ్మ కాళ్లు అడ్డంగా వేసుకుంటే క్రూసేడ్ అనే మతయుద్ధానికి వెళ్లినట్టు, కింద ఉన్న చిన్న కిటికీ కుష్ఠురోగుల కోసమన్నట్టు, ఉత్తర తలుపు దయ్యం పోవడానికన్నట్టు. వీటికి సాక్ష్యం లేదు. విని ఊరుకోండి, రాసిపెట్టుకోకండి.

చివరగా కాగితాలు. మొదట పాత కట్టడాల సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్లో మీ చర్చి లిస్టింగ్ (రక్షిత కట్టడాల జాబితా) వివరాలు చదవండి, ఉచితం. అందులో ఏ భాగం ఏ శతాబ్దానిదో పొడిపొడిగా ఉంటుంది, దాన్ని చేతిలో పట్టుకుని గోడల చుట్టూ తిరగండి. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, అంత్యక్రియలు రాసిపెట్టమని ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఆదేశించాడు. కానీ చాలా ఊళ్ల రిజిస్టర్లు 1558తో మొదలవుతాయి. 1598లో పాతవన్నీ తోలు కాగితం మీదికి ఎక్కించమన్నప్పుడు, ముఖ్యంగా ఎలిజబెత్ పాలన మొదలైనప్పటి నుంచి చాలన్నట్టు చెప్పారు, చాలామంది అక్కడి నుంచే ఎక్కించారు. ఇవి ఇప్పుడు నార్తాంప్టన్‌లోని జిల్లా రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. చర్చ్‌వార్డెన్ల జమాఖర్చు పుస్తకాలు మిగిలి ఉంటే తప్పక అడగండి, సున్నానికి ఎంత, గంట తాడుకు ఎంత, కూలికి ఎంత అని ఉంటుంది, గోడ చెప్పనిది అవి చెబుతాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి, పీటర్‌బరో డయోసిస్ (ఒక బిషప్ పరిధి) 1541లో ఏర్పడింది. అంతకుముందు నార్తాంప్టన్‌షైర్ లింకన్ బిషప్ కింద ఉండేది, కాబట్టి మధ్యయుగాల వికార్ల నియామకాల రికార్డులు లింకన్‌లో వెతకాలి. 19వ శతాబ్దపు మార్పుల ప్లాన్లు కొన్ని లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్ లైబ్రరీలో దొరుకుతాయి, 1818లో పెట్టిన చర్చి నిర్మాణ సంఘం గ్రాంట్లు ఇచ్చిన చర్చిలవి. మీ 1860ల సంగతి అక్కడ తేలొచ్చు.

వెళ్లినప్పుడు ఎండ వాలుగా పడే పొద్దున్నో సాయంత్రమో వెళ్లండి, గోడలో అతుకులు బాగా కనబడతాయి. టవర్ తూర్పు ముఖం, నాలుగు మూలలు, చాన్సెల్ దక్షిణ గోడ, గోడలో మూసిన ఆర్చీలు ఉంటే అవీ, వికార్ల బోర్డు, ఇవి ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఏ గోడ ముందో ఏది వెనకో కలిసి చూద్దాం.